మంత్రిగారూ, ఆరో తరగతికి వారానికి రెండు పీరియడ్లు వదిలిపెట్టండి

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను తిరుపతి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. ఆరో తరగతికి క్లాస్ టీచర్ని కూడా. వేసవి సెలవులకు ముందు రిజిస్టర్లు, మార్కుల జాబితాలు అప్పజెప్పి బీరువా సర్దుకుంటుంటే ఆరో తరగతి పిల్లల నోటు పుస్తకాల కట్ట ఒకటి బయటపడింది. మేము వాటిని శనివారం పుస్తకాలు అంటాం. వాటికి మార్కులు లేవు, ఎవరూ అడగరు. నేలమీద కూర్చుని ఒక్కొక్కటే తిరగేస్తుంటే సాయంత్రమైపోయింది. ఆ రాత్రే మీకు ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నేను అడిగేది చిన్న విషయం. ఆరో తరగతికి వారానికి ఒకసారి, వెంటవెంటనే వచ్చే రెండు పీరియడ్లు, పిల్లలు చేతులతో చేసి నేర్చుకునే పనికి కేటాయించండి. ఆ పీరియడ్లలో ఏం చేయాలో ఆ క్లాసు టీచరునే నిర్ణయించుకోనివ్వండి. ఆ సమయాన్ని ఇంకే పనికీ వాడకుండా ఒక ఉత్తర్వు ఇవ్వండి. శనివారం నో బ్యాగ్ డే, అంటే పిల్లలు పుస్తకాల సంచి లేకుండా బడికి వచ్చే రోజు, అని ప్రకటన వచ్చినప్పుడు స్టాఫ్ రూములో అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే. ఆ నిర్ణయం తరగతి గదిలో నిలబడాలంటే ఏం కావాలో చెప్పాలనే రాస్తున్నాను.

ముందు ఆరో తరగతి సంగతి చెప్తాను. మా బడికి చుట్టుపక్కల నాలుగు ఊళ్ల ప్రాథమిక పాఠశాలల నుంచి పిల్లలొస్తారు. ఐదో తరగతి దాకా వాళ్లకు ఒకరో ఇద్దరో టీచర్లు. అమ్మ ఊరెళ్లిందని చెప్పినా, కడుపులో నొప్పిగా ఉందని చెప్పినా వినే మనిషి ఒకరుంటారు. జూన్‌లో ఇక్కడికి రాగానే సబ్జెక్టుకొక టీచరు, ముప్పావు గంటకొక బెల్లు. హిందీ అక్షరాలు మొదలయ్యేదీ ఆరులోనే. పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. పదకొండేళ్ల బిడ్డకు ఇవన్నీ ఒకే నెలలో మీద పడతాయి. మొదటి రెండు వారాలు ఏ ఊరి పిల్లలు ఆ ఊరి పిల్లలతోనే కూర్చుంటారు. ప్రశ్న అడిగితే తల దించుకుంటారు. ఏడో తరగతికి వచ్చేసరికి చదువు మీద భయం పెంచుకున్న పిల్లలందరినీ వెనక్కి వెళ్లి చూశాను. ఆ భయం ఎక్కువగా ఈ మొదటి నెలల్లోనే పట్టుకుంది.

అందుకే వారానికో పని పెట్టుకున్నాం. సోమవారం బోర్డు మీద ఒక మూలన ఒక ప్రశ్న రాస్తాను. వారమంతా ఎవరూ తుడపరు. పిల్లలు ఇంట్లో అడుగుతారు, కొలుస్తారు, ఏదో ఒకటి తెచ్చుకుంటారు. శనివారం అందరం కలిసి చేసి చూస్తాం. గ్రూపుల్లో ఒకే ఊరి పిల్లలు ఇద్దరికి మించి ఉండకూడదు. మేము పెట్టుకున్న నియమం ఇదొక్కటే.

జూన్ చివరి వారంలో బోర్డు మీద ఉన్న ప్రశ్న: మామిడికాయలో గుజ్జు ఎంత?

మా వైపు ఆ రోజుల్లో రోడ్డు పొడుగునా తోతాపురి కాయల ట్రాక్టర్లే. గుజ్జు ఫ్యాక్టరీల ముందు వరసలో రాత్రింబవళ్లు నిలబడి ఉంటాయి. పిల్లల్లో సగం మంది నాన్నలు ఆ ట్రాక్టర్ల దగ్గరే పడుకుంటారు. 2025లో ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీ ఎనిమిది రూపాయలు, ప్రభుత్వం నాలుగు, కలిపి కిలో 12 రూపాయలు అన్న లెక్క ఇక్కడి పిల్లలకు నోటికి వచ్చు. కూడిక తెలియక కాదు, అది వాళ్లింటి లెక్క కాబట్టి. అయితే కిలో కాయలో ఫ్యాక్టరీకి పనికొచ్చేది ఎంత అని అడిగితే ఎవరికీ తెలియదు. సగం అన్నారు కొందరు. ముప్పాతిక అన్నాడొకడు.

శనివారం మా ఇంటి వంటగదిలోని చిన్న డిజిటల్ కాటా తెచ్చాను. ఒక గ్రూపు కాయ 420 గ్రాములు తూగింది. తొక్క తీసి తూచారు, 62. టెంకకు అంటుకున్న గుజ్జంతా గీకేసి తూచారు, 71. గుజ్జు 280. మూడూ కలిపితే 413 వచ్చింది. మళ్లీ కూడారు. మళ్లీ 413. ఏడు గ్రాములు కనబడలేదు.

క్లాసంతా ఆ ఏడు గ్రాముల చుట్టూ మూగింది. కాటా తప్పన్నారు. ఒక పిల్లాడు నాకేశాడన్నారు. వాడు ఏడుపు మొహంతో లేదన్నాడు. అప్పుడు, బడి తెరిచిన రోజు నుంచి ఒక్క మాట మాట్లాడని ఒక పాప, చెయ్యి పైకెత్తకుండానే అంది: "కత్తికి అంటుకోనుండాది సార్. నా వేళ్లకీ అంటుకోనుండాది." రెండు చేతులూ చాపి చూపించింది. వేళ్ల మధ్య పసుపుపచ్చగా మెరుస్తోంది. కత్తిని ఉన్నదున్నట్టు తూచి, కడిగి తుడిచి మళ్లీ తూచాం. తేడా మూడు గ్రాములు. మిగతా నాలుగూ వేళ్ల మీదే ఉన్నాయని క్లాసంతా ఒప్పుకుంది. ఆ పాప ఆ రోజు రాసుకున్న వాక్యం పుస్తకంలో ఇప్పటికీ ఉంది. "పోయింది అనుకున్నది పోలేదు, అంటుకొని ఉంది." మొత్తంలో మూడింట రెండొంతులు గుజ్జని, అంటే 420లో 280 అని, ఆమే లెక్కగట్టింది. భిన్నాల పాఠం మాకు ఇంకా రెండు నెలల తర్వాత. ఆ పాఠం వచ్చిన రోజు నేను కొత్తగా చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు. ఇప్పుడా పాప ప్రశ్నలు అడుగుతుంది.

ఇంకో పని ఏడాది పొడుగునా సాగింది. గ్రౌండులో ఒక మీటరు కర్ర నిలువుగా నాటాం. ప్రతి శనివారం మధ్యాహ్నం నీడ కొలిచి పుస్తకంలో రాసుకోవాలి. ఇంతే. జూన్ చివర్లో మొదటిసారి కొలిస్తే 17 సెంటీమీటర్లు, నీడ దక్షిణం వైపు. మనం ఉన్నది పదమూడున్నర డిగ్రీల అక్షాంశం దగ్గర. సూర్యుడు జూన్ 21కి ఇరవై మూడున్నర డిగ్రీల దాకా, అంటే మనల్ని దాటి ఉత్తరానికి పోయి ఉంటాడు. ఈ మాట నేను ముందే చెప్పలేదు. చెప్పి ఉంటే వాళ్లకు కొలవడానికేమీ ఉండేది కాదు. జూలైలో పదిహేను, తర్వాత పది, ఆగస్టు రెండో వారానికి నాలుగు. కొన్ని శనివారాల పక్కన "మబ్బు" అని మాత్రమే రాసి ఉంది. కొలవకుండా అంకె రాయకూడదని వాళ్లకు తెలిసింది కాబట్టి ఆ ఖాళీలంటే నాకు చాలా ఇష్టం.

ఆగస్టు 15 నాడు జెండా ఎగరేశాక మిఠాయిలు పంచి పిల్లల్ని పంపించేశాం. మా ఆరో తరగతి మాత్రం కదల్లేదు. పన్నెండున్నర దాకా ఉంటామన్నారు. ఎందుకంటే నీడ అన్నిటికన్నా చిన్నగా ఉండేది సరిగ్గా పన్నెండింటికి కాదు, పన్నెండుంబావు దాటాక అని అప్పటికే వాళ్లు కనిపెట్టేశారు. మన గడియారం 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం లెక్కన నడుస్తుంది, మనం దానికి పడమర ఉన్నాం కాబట్టి సూర్యుడు మన నడినెత్తికి కొంచెం ఆలస్యంగా వస్తాడు. ఆ రోజు మబ్బు లేదు. పన్నెండుంబావుకు జెండా స్తంభం నీడ దాని దిమ్మె దాటి బయటికి రాలేదు. అంత పొడుగు స్తంభానికి నేలమీద నీడే లేదు. ఒక పిల్లాడు దాని చుట్టూ తిరిగి చూసి, "నీడ యాడికి పాయ సార్?" అని అడిగాడు. వాడికి నేను జవాబు చెప్పలేదు. పై వారం నుంచి నీడ అటుపక్కకు, ఉత్తరానికి పడటం మొదలైంది. డిసెంబరు మూడో వారంలో 75 సెంటీమీటర్లు. ఆ రోజు సూర్యుడు సరిగ్గా మన నెత్తిమీద ఉన్నాడన్న జవాబు వాడే చెప్పాడు, సోషల్ మేష్టారు గ్లోబు తెచ్చిన రోజు.

ఇది ఏడాదికొకసారి పెట్టే సైన్స్ ఫెయిర్‌లో జరగదు సార్. నెలకొకసారి చేసినా జరగదు. వారంవారం, వదలకుండా, అదే కర్ర దగ్గరికి వెళ్తేనే జరుగుతుంది. సెప్టెంబరులో మూడు శనివారాలు మాకు వేరే పనులు పడ్డాయి. నీడ దిశ మారాక ఎంత త్వరగా పెరిగిందో చూడాల్సిన వారాలు అవే. అవి పోయాయి. గ్రాఫు గీసినప్పుడు అక్కడ గీత తెగిపోయింది. పిల్లలు ఆ చోటు చూపించి ఎందుకని అడిగితే నా దగ్గర సరైన సమాధానం లేదు.

ఆ వేరే పనులేమిటో చెప్పకుండా ఈ ఉత్తరం పూర్తికాదు. కొలతలు, తూకాలు జరుగుతున్న సమయంలోనే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. ఫలానా కార్యక్రమం జరిపినట్టు ఫోటోలు పన్నెండు లోపు అప్‌లోడ్ చేయాలని. ఒక శనివారం మామిడికాయలు సగం కోసి ఉండగా ఆపేసి, పిల్లల చేతులు కడిగించి, ప్లకార్డులు పట్టించి, వరసగా నిలబెట్టాను. నెట్‌వర్క్ లేక ఫోటో వెళ్లడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తిరిగొచ్చేసరికి తొక్కలు ఎండి తూకం తగ్గిపోయింది, బెల్లు కొట్టేశారు. అదే ప్రశ్నతో పై వారం మళ్లీ మొదలుపెట్టాం. నేను పైన రాసింది ఆ రెండోసారి జరిగిందే. మొదటిసారి ఆపినందుకు ఎవరినీ తప్పుపట్టడం లేదు, పంపినవాళ్లకూ పైనుంచి టెన్షనే. కానీ ఫోటో అడిగినంత కాలం మేము ఫోటో కోసమే పని చేస్తాం. ప్లకార్డు పట్టుకున్న బిడ్డ ఏమి నేర్చుకుందో ఫోటోలో కనబడదు. కావాలంటే పిల్లల నోటు పుస్తకాలు చూడమనండి. తనిఖీకి వచ్చే అధికారి ఏ బిడ్డ శనివారం పుస్తకమైనా చేతికందింది తీసుకుని, ఇదేమిటమ్మా అని ఆ బిడ్డనే అడగనివ్వండి. రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులు ఉన్నాయి కదా అని మీకు చెప్తారు. ఉన్నాయి. ఆ ఆలోచన మంచిదే. జరుగుతున్నది వేరు. ప్రాజెక్టు అనగానే పిల్లలు ఫ్యాన్సీ షాపుకు వెళ్లి చార్టు, బొమ్మల షీటు కొంటారు. అన్న చేతో అక్క చేతో రాయించుకొస్తారు. కూలికి వెళ్లే తల్లి ఆ చార్టు డబ్బుల కోసం పక్కింట్లో అడగడం నేను చూశాను. నలభై చార్టులు వస్తే నలభైలోనూ ఒకటే బొమ్మ. మార్కులు వేసి బీరువా పైన పెడతాం. బీరువా పైన జాగా లేనప్పుడు కట్టగట్టి వెనక గదిలో వేస్తాం. వారం వారం బడిలోనే, బడి సమయంలోనే, డబ్బు ఖర్చు లేకుండా చేసిన పనినే ప్రాజెక్టుగా లెక్కలోకి తీసుకోండి. ఆ తల్లికి ఆ ఖర్చు తప్పుతుంది.

ఇంకొక విన్నపం. వారానికో కృత్యం అని పైనుంచి రాష్ట్రమంతటికీ ఒకే జాబితా పంపకండి. మా జిల్లానే చూడండి. సూళ్లూరుపేట వైపు బడికి పులికాట్ సరస్సు ఉంది. చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయి. నేలపట్టు చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. అక్కడి ఆరో తరగతి పిల్లలు పక్షుల్ని లెక్కపెట్టి నేర్చుకోగలరు. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరిన రోజు వెలుగు ముందు కనిపించి మోత తర్వాత వినిపిస్తుంది. ఆ మధ్య సెకన్లు లెక్కపెట్టిన పిల్లలు ధ్వని వేగాన్ని ఎప్పటికీ మరిచిపోరు. శ్రీకాళహస్తి పిల్లలకు కలంకారీ ఉంది. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి వారాల తరబడి ఊరబెట్టిన రసం, కరక్కాయలో నానిన బట్టకు తగలగానే నల్లబడుతుంది. అదే రసం మామూలు బట్ట మీద వేస్తే ఆ నలుపు రాదు. ఎందుకో కనుక్కోవడానికి పిల్లలకు ఒక నెల సరిపోతుంది. పక్కన చిత్తూరు జిల్లాలో నగరి బడికి మరమగ్గాలున్నాయి. చిత్తూరు టౌన్ బడికి బెల్లం మండీ ఉంది. మా చంద్రగిరి వైపు కోట గోడలున్నాయి, గాదంకిలో వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్ ఉంది. ఇన్ని పెట్టుకుని అందరికీ ఒకే రోజు ఒకే పోస్టర్ గీయించడం అన్యాయం.

ఇది నా సొంత కోరిక మాత్రమే కాదని మీకు తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలని ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర నేర్చుకోవాలంది. అంతకన్నా ముందే మన గడ్డ మీదే ఇది జరిగి చూపించింది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాల వాళ్లు చుట్టుపక్కల ఏకోపాధ్యాయ బడుల కోసం 'స్కూల్ ఇన్ ఎ బాక్స్' తయారుచేశారు. పిల్లలు కార్డులు తీసుకుని తమ వేగంతో తాము నేర్చుకుంటూ పోయే పద్ధతి అది. దాన్ని చూసి వెళ్లే తమిళనాడు ప్రభుత్వం తన ప్రాథమిక బడుల్లో కృత్యాధార బోధన పెట్టింది. ఉమ్మడి చిత్తూరులో పుట్టిన పని పక్క రాష్ట్రం దాకా వెళ్లింది. మన హైస్కూలు మెట్టు మాత్రం ఎక్కలేదు.

సిలబస్ ఎప్పుడు పూర్తి చేస్తారు అని తల్లిదండ్రులు నన్నూ అడిగారు. పీటీఎం రోజు, అంటే తల్లిదండ్రులు, టీచర్లు కలిసే రోజు, ఒక తండ్రి, "మామిడికాయలు కోసేదానికి మా పిల్లోడిని బడికి పంపాలా సార్, తోటలోనే కోస్తాడు కదా" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. శనివారం పుస్తకం తెరిచి చూపించాను. ఆ పిల్లాడు వాళ్ల తోట లోడులో ఎన్ని కిలోల గుజ్జు వస్తుందో, మూడు కిలోల కాయకు రెండు కిలోల చొప్పున లెక్క వేసి ఉన్నాడు. ఆయన ఆ పేజీ ఫోన్లో ఫోటో తీసుకుని వెళ్లాడు. సిలబస్ విషయానికొస్తే, ఈ ఏడాది నేను రెండు అధ్యాయాలు కొంచెం తొందరపడి చెప్పాల్సి వచ్చింది, దాచను. కానీ భిన్నాలు, దశాంశాలు, దత్తాంశాలు, కొలతలు, ఈ నాలుగింటికీ కిందటేడు పట్టినంత సమయం పట్టలేదు.

డబ్బు పెద్దగా అడగడం లేదు. ఒక్కో ఆరో తరగతికి ఒక డిజిటల్ కాటా, నాలుగు కొలత టేపులు, రెండు థర్మామీటర్లు, భూతద్దాలు, ఒక అయస్కాంతాల డబ్బా. బడికి వచ్చే గ్రాంటులోంచే కొనుక్కోవచ్చని ఒక వాక్యం రాసిస్తే చాలు, ఆడిట్ భయం లేకుండా కొంటాం. ఏడాదికి రెండుసార్లు ఆర్టీసీ బస్సు ఏర్పాటైతే తిరుపతి అలిపిరి దగ్గరి రీజినల్ సైన్స్ సెంటరుకు, శ్రీకాళహస్తికి పిల్లల్ని తీసుకెళ్తాం. మా క్లాసులో తిరుమల కొండకు పదిసార్లు వెళ్లి, కొండ కింద ఉన్న ఆ సైన్స్ సెంటరు గేటు కూడా చూడని పిల్లలున్నారు.

జూన్ 12న బడులు తెరుస్తారు. నాలుగు ఊళ్ల నుంచి కొత్త పిల్లలు వచ్చి, ఏ ఊరివాళ్లు ఆ ఊరివాళ్లతో కూర్చుంటారు. ఆ రెండు పీరియడ్ల మాట టైమ్ టేబుల్‌లో రాసి, వాటిని ఎవరూ ముట్టుకోకూడదన్న ఉత్తర్వు ఆలోపు వస్తే, మొదటి శనివారమే గ్రౌండులో కర్ర నాటుతాం. కిందటేడు గ్రాఫులో గీత తెగిన చోటు ఈసారి నింపాలని, ఏడో తరగతికి వెళ్లిన పిల్లలు ఇప్పటికే అడుగుతున్నారు.

భవదీయుడు,
ఒక గణిత ఉపాధ్యాయుడు, ఆరో తరగతి క్లాస్ టీచర్,
తిరుపతి జిల్లా